వలలో ఏం పడింది? బెంగళూరు సాలెపురుగుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున లాల్‌బాగ్‌లో పొదల ముందు వంగి నిలబడితే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు తెలుగులో "ఏముందండీ అక్కడ?" అని అడుగుతారు. సాలెపురుగు అని చెప్పగానే సగం మంది ముఖం చిట్లించి వెళ్లిపోతారు. మిగిలిన సగం మంది ఆగి, దాదాపు ఇవే ప్రశ్నలు వేస్తారు. పదహారేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ చెప్పిందే చెప్పడం అలవాటైంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. మాది ధర్మవరం. తాతగారి ఇంట్లో గుంటమగ్గం ఉండేది. అందువల్ల మాటల్లో పడుగు (మగ్గం మీది నిలువు పోగు), పేక (అడ్డ పోగు) దొర్లితే మన్నించండి.

సాలెగూడు, బూజు, వల: మూడూ ఒకటేనా?

కాదు. "సాలెగూడు" అన్న మాటే మనల్ని కొంత తప్పుదారి పట్టించింది. గూడు అంటే ఉండే చోటు, పిల్లల్ని సాకే చోటు. చక్రంలా గుండ్రంగా అల్లినది ఇల్లు కాదు, వేట సామగ్రి. జాలరి వలను జాలరి ఇల్లని ఎవరూ అనరు కదా.

ఇక బూజు వేరే సాలీళ్ల పని. సన్నని పొడుగాటి కాళ్లతో, కదిలిస్తే ఒళ్లంతా గడగడ ఊపేసే సాలీడు మీ స్నానాల గది మూలలోనూ ఉండే ఉంటుంది. దానికి చక్రం అల్లడం రాదు. అడ్డదిడ్డంగా పోగులు వేసుకుని మధ్యలో వేలాడుతుంది. పాతబడిన ఆ పోగులకు దుమ్ము పట్టి నల్లబడితే బూజు. నేను ఇక్కడ రాస్తున్నదంతా చక్రం అల్లేవాటి గురించే.

సాలీడు పురుగేనా?

తెలుగులో పురుగే, శాస్త్రంలో కాదు. కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాల శరీరం. సాలీడుకు ఎనిమిది కాళ్లు, రెండే భాగాలు, రెక్కలు ఉండవు. తేలుకు దగ్గరి చుట్టం, దోమకు కాదు. 2022లో ప్రపంచమంతటా నమోదైన సాలీళ్ల జాతుల లెక్క 50,000 దాటింది. వాటిలో చక్రం అల్లేవి కొన్ని కుటుంబాలే.

బెంగళూరులో ఏవేవి కనిపిస్తాయి?

అన్నిటికంటే సులువుగా గుర్తుపట్టగలిగేది సంతకం సాలీడు. శాస్త్రీయనామం ఆర్జియోపి. వల నడుమ తెల్లటి జిగ్‌జాగ్ గీతలతో ఇంటూ గుర్తు వేసి, దాని మీద ఎనిమిది కాళ్లను రెండేసి చొప్పున జతకట్టి, తలకిందులుగా కూర్చుంటుంది. దూరం నుంచి నాలుగు కాళ్ల ప్రాణిలా కనిపిస్తుంది. పొట్ట మీద పసుపు, గోధుమ రంగు పట్టీలు. లాంటానా పొదలు, కలబంద, ఇళ్ల ముందు క్రోటన్ మొక్కలు దీనికి ఇష్టమైన చోట్లు. లేఔట్లలో ఇళ్లు కట్టకుండా వదిలేసిన సైట్లలో పిచ్చిమొక్కలు పెరిగి ఉంటాయే, అక్కడ తప్పకుండా దొరుకుతుంది.

బంగారు వల సాలీడు, అంటే నెఫిలా పిలిపెస్, రాజసం ఉన్న ప్రాణి. ఆడదాని శరీరమే మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు, కాళ్లు చాస్తే మన అరచేయి అంత. రెండు చెట్ల మధ్య మీటరు వెడల్పున అల్లిన వల మీద ఏటవాలు ఎండ పడితే దారం నిజంగానే పసుపు పచ్చగా మెరుస్తుంది. వానల తరువాత బన్నేరుఘట్ట వైపు, నంది కొండ మీద పెద్ద చెట్లున్న చోట తల పైకెత్తి చూడండి. ముఖానికి ఎదురుగా చూసుకుంటూ వెళితే ముఖానికే తగులుతుంది.

మన బాల్కనీలకు వచ్చేది నియోస్కోనా. గోధుమ రంగు, బఠాణీ గింజంత పొట్ట, చూడడానికి ఏ అందమూ లేదు. పగలంతా దండెం కొసన ముడిలోనో, ఎండిన ఆకు మడతలోనో ముడుచుకుని ఉంటుంది. చీకటి పడగానే పని మొదలుపెడుతుంది. నా ఓటు దీనికే, ఎందుకో కింద చెబుతాను.

ముళ్ల సాలీడు (గ్యాస్టెరకాంత) పెంకు గట్టిగా, పక్కలకు కొమ్ముల్లా ముళ్లు పొడుచుకొచ్చి, చిన్న పీతలా ఉంటుంది. చెత్త సాలీడు (సైక్లోసా) తిని వదిలిన పురుగుల పెంకులను, గుడ్ల సంచులను వల మధ్యలో నిలువుగా వరుస పేర్చి, తాను కూడా అందులో ఒక చెత్తముక్కలా ఇమిడిపోతుంది. చెరువు గట్ల మీద గడ్డిపోచకు సమాంతరంగా సాగిపోయి కూర్చునే పొడుగు దవడల టెట్రాగ్నాతా ఉంటుంది. కంచెల మీద గుడారంలా సన్నని జల్లెడ వల వేసే సిర్టోఫోరా కూడా ఈ వంశానిదే. కానీ దాని వలకు జిగురు ఉండదు. పైన అడ్డదిడ్డంగా కట్టిన పోగులకు కొట్టుకుని పురుగు జల్లెడ మీద పడితే కింద నుంచి కొరుకుతుంది.

ఏ నెలల్లో చూడాలి?

ఆగస్టు నుంచి నవంబరు దాకా. జూన్‌లోనూ ఉంటాయి కానీ ఆవగింజంత పిల్లలు, కంటికి ఆనవు. దసరా నాటికి ఆడవి పూర్తిగా ఎదిగి వలలు పెద్దవవుతాయి. సరిగ్గా అప్పుడే మనం బూజు కర్ర చేతబడతాం. ఏం చేస్తాం, పండుగ పండుగే.

అంత సరిగ్గా గుండ్రంగా ఎలా అల్లుతుంది? ఎవరు నేర్పుతారు?

ఎవరూ నేర్పరు. గుడ్డు నుంచి వచ్చిన కొద్ది రోజులకే బుల్లి చక్రం అల్లేస్తుంది. ఎలా అల్లుతుందో తెలుసుకోవాలంటే ఒక సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చోవడమే మార్గం. మా నాలుగో అంతస్తు బాల్కనీలో దండేనికీ గ్రిల్‌కూ మధ్య ఉండే నియోస్కోనాను నేను అలాగే చూశాను.

ఏడు కావస్తోంది. అది దండెం కొసకు వచ్చి పొట్ట చివర పైకెత్తింది. సన్నటి పోగు ఒకటి గాలిలోకి జారింది. ఏమీ జరగలేదు. పోగును లాగేసుకుని మళ్లీ వదిలింది. మూడోసారో నాలుగోసారో పోగు గ్రిల్‌కు తగులుకుంది. వెంటనే కాలితో లాగి, గట్టిగా ఉందో లేదో చూసి, దాని మీద నడుస్తూ మరో పోగు జతచేసింది. మొత్తం వలకు ఇదే దూలం. ఇంకో వదులు పోగు కట్టి, దాని నడుమ నుంచి కిందికి దిగి మూడో కొసను పూలకుండీకి అతికించింది. ఇప్పుడు ఆకారం ఇంగ్లిషు వై అక్షరం. మూడు కొసలూ కలిసే చోటే వలకు నడిబొడ్డు.

అక్కడి నుంచి అంచులకు ఆకుల పోగులు, అంటే బండి చక్రం ఆకుల్లాంటివి, ఒక్కొక్కటే వేసింది. ఇది పడుగు. ఒకటి ఎడమకు వేస్తే తరువాతిది దాదాపు ఎదుటి వైపుకు వేస్తుంది. ఒకే పక్కకు వేస్తూ పోతే లాగుడు ఎక్కువై వల వంకరపోతుంది. పడుగు పూర్తయ్యాక నడుమ నుంచి బయటికి ఎడమెడంగా ఒక చుట్టు చుట్టుకుంటూ వెళ్లింది. అది పేక అనుకున్నాను. కాదు, అది పరంజా. ఇల్లు కట్టేవాళ్లు వెదురుబొంగులు కట్టుకున్నట్టు, తాను నడవడానికి వేసుకున్న దారి. అంచుకు చేరాక వెనక్కి తిరిగి, ఈసారి జిగురు పోగును, అంటే అసలు పేకను, దగ్గర దగ్గరగా చుడుతూ లోపలికి వచ్చింది. వస్తూ వస్తూ పరంజాను తెంపేసింది. ఒక్కో వరసకు ముందు, ముందరి కాలితో పాత వరసను తడిమి దూరం కొలుచుకుంటుంది. వెనక కాలితో పోగును లాగి పడుగుకు టక్కున అద్దుతుంది. తాళం తప్పని పని. ముప్పావు గంటలో అయిపోయింది. అప్పటికి నా కాఫీ చల్లారింది.

ఒకే దారంతో అల్లుతుందా?

కాదు. పొట్టలో వేర్వేరు గ్రంథులు వేర్వేరు దారాలు తీస్తాయి. దూలానికీ పడుగుకూ వాడేది గట్టి పోగు. బరువుకు బరువు తూచి చూస్తే ఉక్కుతో పోటీపడే బలం ఉన్నది అదే. పేకది మరో రకం. తన పొడవుకు మూడింతలకు దగ్గరగా సాగి, తెగకుండా వెనక్కి వస్తుంది. దాని మీద పూసే జిగురు ఇంకో గ్రంథిది. వేటను చుట్టేందుకు ఒకటి, గుడ్ల సంచికి ఒకటి, పోగును గోడకు అంటించే సిమెంటు లాంటిది మరొకటి.

జిగురు పోగు మీద సన్నని పూతలా పడి, తనంతట తానే ముత్యాల సరంలా బొట్లు బొట్లుగా విడిపోతుంది. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూస్తే ఆ సరం కనిపిస్తుంది. ఆ బొట్లలోని లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అందుకే వల ఎండిపోకుండా సాగుతుంది, అంటుతుంది.

తన వలకు తాను అంటుకోదా?

కొంచెం అంటుకుంటుంది. ఎక్కువగా జిగురు లేని పడుగు మీదే నడుస్తుందన్నది నిజమే, కానీ పేక వేసేటప్పుడు ప్రతి వరసనూ వెనక కాలితో పట్టుకోక తప్పదు కదా. బ్రిసెన్యో, ఎబర్‌హార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2012లో దీన్ని దగ్గరగా గమనించి చెప్పారు. కాలి మీది సన్నని వెంట్రుకలు జిగురుకు అతి కొద్ది మేరే తగులుతాయి. కాలిని వెనక్కి తీసే పద్ధతిలో బొట్టు జారిపోతుంది. పైగా కాళ్లకు ఏదో పూత ఉంది. కాళ్లను కడిగి చూస్తే మరింత గట్టిగా అంటుకున్నాయి. వంటింట్లో పనసకాయ కోసే ముందు చేతికి నూనె రాసుకోవడం గుర్తొచ్చింది నాకు.

వలలో ఏయే పురుగులు పడతాయి?

నేను వలలు చూడడానికి అసలు కారణం ఇదే. వలను చూసి ముచ్చటపడి వెళ్లిపోకండి, అందులో వేలాడుతున్నదాన్ని చూడండి. మీ వీధిలో ఏయే పురుగులు తిరుగుతున్నాయో వల రోజూ రాసిపెడుతుంది.

తొలి వానలు పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. వీధి దీపం పక్కన వల ఉంటే ఆ రాత్రి సాలీడుకు పెళ్లి భోజనమే. రెక్కలు ఊడి వలంతా అభ్రకం రేకుల్లా అంటుకుని, తెల్లారేసరికి వల చిరిగి వేలాడుతుంది. అంత దొరికినా అన్నిటినీ తినదు. కొన్నిటిని చుట్టి పక్కన పెడుతుంది, మిగిలినవి రాలిపోతాయి.

చెరువుల దగ్గర ఇళ్లున్నవాళ్లకు ట్యూబులైటు చుట్టూ మూగే కుట్టని దోమలు తెలుసు. చూడడానికి దోమల్లాగే ఉంటాయి, నెత్తురు తాగవు. టెట్రాగ్నాతా వలల్లో ఇవి నల్లటి నువ్వుల్లా అతుక్కుని ఉంటాయి. కూరగాయల మడుల దగ్గర పచ్చదోమ, తెల్లదోమ, రెక్కల పేనుబంక పడతాయి. సంతకం సాలీడు గడ్డికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దానికి మిడతలు, ఈగలు, తేనెటీగలు దొరుకుతాయి. బంగారు వల సాలీడుకు తూనీగ, పెంకుపురుగు, ఇలకోడి అన్నీ లెక్కలోవే. చాలా అరుదుగా చిన్న పిట్టలు, గబ్బిలాలు చిక్కిన సంఘటనలు కూడా నమోదయ్యాయి. కానీ అవి దాని రోజువారీ తిండి కాదు. అలాంటి ఒక్క ఫోటో చూసి భయపడకండి.

ప్రపంచంలోని సాలీళ్లన్నీ కలిసి ఏటా 40 నుంచి 80 కోట్ల టన్నుల ఆహారం తింటాయని 2017లో ఒక అంచనా వచ్చింది. అందులో చాలాభాగం కీటకాలే. ఎక్కువగా అడవుల్లో, గడ్డి మైదానాల్లో తినేదే ఇది. మన బాల్కనీ వాటా ఎంతో ఊహించుకోవచ్చు.

వలలో పడి తప్పించుకునేవి ఉన్నాయా?

ఎన్నో. బాగా బరువైన పెంకుపురుగు వలను చించుకునే పోతుంది. దీపాల చుట్టూ తిరిగే మాత్‌లకు ఒంటినిండా పొడిలాంటి పొలుసులు ఉంటాయి. జిగురు పొలుసులకు అంటుతుంది, పొలుసులు ఊడి వలలో ఉండిపోతాయి, పురుగు ఎగిరిపోతుంది. ఒంటి మీది శాలువా వదిలి పారిపోయినట్టు. పొద్దున వల మీద బూడిద రంగు చార కనిపిస్తే రాత్రి జరిగింది అదే.

కొన్నిటిని సాలీడే వదిలేస్తుంది. జనుము, గిలిగిచ్చ లాంటి మొక్కల మీద పెరిగే యుటెథీసా అనే మాత్ ఒంట్లో ఆ మొక్కల చేదు విషం నిలవ ఉంటుంది. దీని అమెరికా బంధువు వలలో పడితే అక్కడి నెఫిలా తాకి చూసి, చుట్టూ పోగులు ఒక్కొక్కటే తెంపి, కింద పడేస్తుందని థామస్ ఐస్నర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. మీ వలలో ఎక్కడైనా కత్తిరించినట్టు గుండ్రటి కన్నం కనిపిస్తే పురుగే చించిందని అనుకోకండి, సాలీడే తలుపు తీసి పంపి ఉండవచ్చు.

పడ్డ పురుగును ఏం చేస్తుంది?

సాలీడుకు ఎనిమిది కళ్లు ఉన్నా, చక్రం అల్లేవాటికి చూపు అంతంత మాత్రం. లోకమంతా కాళ్ల కింది అదురు ద్వారానే తెలుస్తుంది. ఏదో పడగానే ముందరి కాళ్లతో పడుగు పోగులను మీటుతుంది. ఏ పోగు బరువుగా పలికితే అటు పరుగెత్తుతుంది. నడిబొడ్డులో తలకిందులుగా కూర్చునేది ఇందుకే, పైకి ఎక్కడం కంటే కిందికి దిగడం త్వరగా అవుతుంది. వల కూడా కింది సగమే పెద్దదిగా ఉంటుంది.

ఆ తరువాత పద్ధతి పురుగును బట్టి మారుతుంది. మిడతో తేనెటీగో అయితే సంతకం సాలీడు దూరంగానే నిలబడి, వెనక కాళ్లతో వెడల్పాటి తెల్లని పట్టును పరదాలా దాని మీదికి విసిరి, గిరగిరా తిప్పుతూ చుట్టేస్తుంది. కాళ్లూ కొండీ కట్టుబడ్డాకే కొరుకుతుంది. సీతాకోకలు, మాత్‌లు పడితే మాత్రం ముందు కొరికి పట్టుకుంటుంది. చుడుతూ కూర్చుంటే పొలుసులు వదిలి పోతాయని దానికి తెలుసన్నట్టే ఉంటుంది ఆ తొందర.

దానికి నమిలి మింగడం రాదు. జీర్ణరసాన్ని వేట మీదికే వదిలి, కరిగిన దాన్ని పీల్చుకుంటుంది. మిగిలిన పిప్పిని కింద పడేస్తుంది. మీ తులసి కోట మీద రోజూ పడే నల్లటి నలక అదేనేమో చూడండి.

సంతకం సాలీడు వలలో ఆ ఇంటూ గుర్తు ఎందుకు?

శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. ఆ పట్టు అతినీలలోహిత కాంతిని వెనక్కి పంపుతుంది, కీటకాలకు అది కనిపిస్తుంది కాబట్టి పువ్వు అనుకుని వస్తాయని 1990లో ఒక పరిశోధన చెప్పింది. అంతకుముందే, 1983లో, ఐస్నర్, నోవిక్కీ గుర్తు లేని వలలకు కృత్రిమంగా గుర్తులు తగిలించి చూశారు. పక్షులు తిరిగే తెల్లవారు జామున గుర్తున్న వలలే ఎక్కువగా చిరగకుండా మిగిలాయి. అంటే పిట్టలకు "ఇక్కడ వల ఉంది, చూసుకుని పొండి" అన్న బోర్డు. సాలీడును బెదిరిస్తే వలను ఊయలలా ఊపేస్తుంది, అప్పుడు గుర్తూ సాలీడూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. నాకైతే ఒకే కారణం ఉండాలన్న పట్టుదల అర్థం కాదు. మన ముగ్గు మాత్రం ఒక్క పనికేనా?

రాత్రి చూసిన వల పొద్దున లేదు. ఎవరు తీశారు?

అదే తినేసింది. నియోస్కోనా చాలాసార్లు తెల్లవారేలోపు వలను ఉండచుట్టి మింగేస్తుంది. పట్టు అంటే మాంసకృత్తే, పారేయడం ఎందుకు? ఆ సరుకులో చాలాభాగం తిరిగి మరుసటి రాత్రి దారమవుతుంది. దాంతో పాటు వలకు అంటిన సన్నని దోమలు, పుప్పొడి కూడా కడుపులోకి పోతాయి. సాలీడు దారాన్ని వెలువరించి తిరిగి తనలోకే తీసుకుంటుందన్న పోలిక మన ఉపనిషత్తులలో ఉంది. ఆ మాట చెప్పిన వాళ్లెవరో తెల్లవారుజామున లేచి చూసినవాళ్లే. బంగారు వల సాలీడు మాత్రం ఇంత శ్రమ పడదు, చిరిగినంత మేర బాగుచేసుకుంటుంది.

వలలో పక్కన చిన్న చిన్న సాలీళ్లు ఉన్నాయి, పిల్లలా?

పిల్లలు కావు. నెఫిలా వలలో సన్నగా, ఎర్రగా ఉన్నది మగది కావచ్చు. ఆరు మిల్లీమీటర్లకు మించదు, ఆడదాని పక్కన గడ్డిపరక. వెండి బొట్లలా మెరిసేవి ఉంటే అవి ఆర్జిరోడీస్, దొంగ సాలీళ్లు. సొంత వల అల్లకుండా ఈ పెద్దావిడ వలలో మకాం పెట్టి, ఆమె పట్టించుకోని చిన్న పురుగులను ఎత్తుకుపోతాయి. సంతకం సాలీళ్లలో మగవాడి కథ ఇంకా దయనీయం, జతకట్టిన తరువాత తరచూ భోజనమైపోతాడు.

ఇవి ఉంటే దోమలు తగ్గుతాయా? డెంగీ రాదా?

దోమలు పడతాయి. కానీ లెక్క సరిపోదు. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది, ముఖ్యంగా పొద్దునా సాయంత్రమూ. బాల్కనీ నియోస్కోనా దుకాణం తెరిచేది చీకటి పడ్డాక. సంపు మూత, కూలర్ నీళ్లు, కుండీల కింది పళ్లాలు మీరు చూసుకోవలసిందే.

సాలీడు పాకితే పొక్కులు వస్తాయంటారు, నిజమా?

మా అత్తయ్యగారు ఇప్పటికీ నమ్ముతారు. ఆవిడతో వాదించడం మానేశాను గానీ మీకు చెబుతాను. చక్రం అల్లే సాలీళ్లు పాకడం వల్ల చర్మం పొక్కదు. చేతిలో నలిపితే కొరకవచ్చు, తేనెటీగ కుట్టినంత నొప్పి, అంతకంటే తక్కువే. ఎలర్జీ ఉంటే డాక్టరును చూడాలి.

పొక్కులకు అసలు ముద్దాయి వేరే ఉంది. వానాకాలంలో ట్యూబులైటుకు వచ్చే, నారింజ, నలుపు పట్టీలతో చీమలా సన్నగా ఉండే పెడిరస్ అనే పురుగు. మెడ మీద వాలితే మనం నిద్రలో నలిపేస్తాం. దాని రసం తగిలిన చోట ఒకటి రెండు రోజులకు కాలినట్టు చారలు తేలతాయి. దాన్ని నలపకుండా ఊదేసి, సబ్బుతో కడుక్కుంటే చాలు. ఒంటికి ఒక పక్కనే వరసగా మంటతో పొక్కులు వస్తే అది సర్పి అయి ఉండవచ్చు. అది వైరస్ వల్ల వచ్చేది, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ రెంటికీ నింద మోసేది మాత్రం సాలీడు.

శ్రీకాళహస్తి సాలీడు కూడా ఇలాంటిదేనా?

స్థలపురాణంలో శ్రీ అంటే సాలీడు, కాళ అంటే పాము, హస్తి ఏనుగు. సాలీడు లింగం మీద తన దారంతో గుళ్లూ గోపురాలూ అల్లింది. దీపం మంట తగిలి అది కాలిపోతే, ఆ మంటనే మింగబోయింది, శివుడు మోక్షమిచ్చాడు. జాతి ఏదో పురాణం చెప్పదు. ఒక్కటి మాత్రం అనగలను. దీపం ఉన్నచోట పురుగులు, పురుగులున్నచోట సాలీడు. కథ చెప్పినవాళ్లు చూడనిది చెప్పలేదు.

కన్నడంలో సాలీడును జేడ అంటారు. ఆ మాటకు నేతగాడు అన్న అర్థమూ ఉంది. మన సాలెకు సరిగ్గా జోడు.

సాలీడును తినేవి ఏవి?

పిట్టలు, బల్లులు, తొండలు, వేరే సాలీళ్లు. అన్నిటికంటే భయంకరమైనది మట్టిగూడు కట్టే కందిరీగ. కిటికీ చట్రంలోనో, స్విచ్చు బోర్డు పక్కనో మట్టి ముద్ద కనిపిస్తుందే, దాన్ని విప్పితే లోపల బతికే ఉండి కదలలేని సాలీళ్లు కుక్కి ఉంటాయి. కొండితో పొడిచి పక్షవాతం తెప్పించి, వాటి మీద గుడ్డు పెట్టి, మూత వేస్తుంది. కందిరీగ పిల్ల తాజా మాంసం తింటూ పెరుగుతుంది.

భ్రమరకీటక న్యాయం విన్నారు కదా. కీటకం భ్రమరాన్నే తలుచుకుంటూ చివరికి భ్రమరమే అయిపోతుందని. గూట్లోకి వెళ్లినది కీటకం, బయటికి వచ్చినది కందిరీగ. చూసినది నిజమే. మధ్యలో జరిగిన భోజనం మట్టిగోడ వెనక ఉండిపోయింది.

ఈ దారంతో బట్ట నేయవచ్చా?

నేశారు. సైమన్ పీర్స్, నికొలస్ గాడ్లీ అనే ఇద్దరు మడగాస్కర్‌లో పది లక్షలకు పైగా బంగారు వల సాలీళ్లను పట్టించి, దారం తీయించి వదిలేయించి, ఏ రంగూ అద్దని పసుపు వస్త్రం నేయించారు. అలా నేసిన కేప్‌ను (భుజాల మీద కప్పుకునే వస్త్రం) 2012లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రదర్శించారు. పట్టుపురుగుల్లా సాలీళ్లను ఒక గదిలో పెంచలేం, ఒకదాన్నొకటి తినేస్తాయి. ధర్మవరానికి వచ్చిన ముప్పేమీ లేదు.

సాలీడుకు కాఫీ ఇస్తే ఏమవుతుంది?

నవ్వుతారు గానీ ఇది నిజంగా చేసిన ప్రయోగం. జర్మనీలో 1948లో ఒక జంతుశాస్త్రవేత్తకు సాలీళ్లు తెల్లవారకముందే వల అల్లడం ఇబ్బందిగా ఉండేది. ఆయనకు నిద్ర చాలేది కాదు. అల్లే వేళ మార్చే మందు ఏదైనా ఉందా అని పీటర్ విట్ అనే మందుల నిపుణుణ్ణి అడిగాడు. విట్ రకరకాల మందులు ఇచ్చి చూశాడు. వేళ మారలేదు, వలల ఆకారం మారిపోయింది. కాఫీలో ఉండే కెఫీన్ ఇచ్చినదాని వల నాలుగు పోగులు నాలుగు దిక్కులకు విసిరినట్టు వచ్చింది. ఫిల్టర్ కాఫీ మీద ప్రాణం పెట్టుకున్న ఊళ్లో ఈ మాట గట్టిగా చెప్పకూడదేమో.

1973లో ఆరబెల్లా, అనిటా అనే రెండు సాలీళ్లను అమెరికా అంతరిక్ష కేంద్రమైన స్కైలాబ్‌కు కూడా పంపారు. జూడిత్ మైల్స్ అనే పాఠశాల విద్యార్థిని ఆలోచన అది. మొదటి వలలు గజిబిజిగా వచ్చినా, కొద్ది రోజుల్లో బరువే లేని చోట కూడా చక్రం అల్లడం కుదిరింది.

వలను తప్పనిసరిగా తీయాల్సి వస్తే?

గుమ్మానికి అడ్డంగా ఉంటే తీయక తప్పదు. చీపురుతో కొట్టకండి. కొబ్బరి పుల్లతో వలను మెల్లగా చుట్టుకుంటూ వెళితే సాలీడు పుల్ల కొసకు వస్తుంది, లేదా ఒక పోగు మీద వేలాడుతుంది. అలాగే తీసుకెళ్లి కరివేపాకు చెట్టుకో మందారానికో ఆనించండి. వరసగా రెండు మూడు రోజులు తీస్తే అది వేరే చోటు వెతుక్కుంటుంది.

మొక్కలకు పురుగుమందు కొట్టే ముందు మాత్రం ఆకుల మధ్య ఓసారి చూడండి. మందు కొట్టినా పేనుబంక కొద్ది రోజుల్లో మళ్లీ పుడుతుంది, సాలీడు తిరిగి రావడానికి మరుసటి వానాకాలం పట్టవచ్చు.

ఫోనులో ఫోటో తీస్తే వల పడడం లేదు, ఏం చేయాలి?

పొద్దున ఏడు లోపు వెళ్లండి. సూర్యుడు వల వెనక, కాస్త పక్కగా ఉండాలి. ఫోను వల మీద ఫోకస్ కాకపోతే సాలీడు మీద వేలు పెట్టి ఆనించండి. వల వెనక ఒక అడుగు దూరంలో గొడుగు తెరిచి పట్టుకోమని పక్కవాళ్లకు చెప్పండి, పోగులన్నీ తెల్లగా తేలతాయి. గొడుగు నల్లదై ఉండాలి. పువ్వుల గొడుగు పట్టుకెళ్లి నేను ఒక ఆదివారం వృథా చేసుకున్నాను.